ఐయామ్ హావింగ్ వన్ డౌట్!

మూడేళ్ళ క్రితం సంగతి. మా టీమ్‌లోకి కొత్తగా ఒక కుర్రాడొచ్చాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. కోడింగ్‌లో మాత్రం గట్టివాడు. ఒకరోజు క్లయింట్ కాల్‌లో "ఐయామ్ హావింగ్ వన్ డౌట్" అన్నాడు. మేం మ్యూట్‌లో పెట్టి నవ్వుకున్నాం. కాల్ అయ్యాక నేనే క్లాసు పీకాను... హావ్, నో, అండర్‌స్టాండ్, వాంట్ లాంటివి స్టేటివ్ వెర్బ్స్, వాటికి 'ఇంగ్' తగిలించకూడదు అని. "సరే అన్నా" అన్నాడు.

ఆ తర్వాత కొన్ని నెలలపాటు కాల్స్‌లో నోరు విప్పలేదు. డౌట్లు పోలేదు, అడగడం పోయింది. ఒక రిక్వైర్‌మెంట్ తప్పుగా అర్థం చేసుకుని రెండు వారాల పని మళ్ళీ చెయ్యాల్సొచ్చింది. "అప్పుడే అడగొచ్చు కదా" అంటే తల దించుకున్నాడు. ఆ తప్పులో నా వాటా ఎంతో నాకు తెలుసు.

అసలింతకీ నేను అంత గొప్పగా చెప్పిన రూల్ ఎక్కణ్ణుంచి వచ్చిందా అని తవ్వడం మొదలుపెట్టాను. తవ్వినకొద్దీ సరదాగా ఉంది.

తొమ్మిదో శతాబ్దం చివర్లో, ఆల్‌ఫ్రెడ్ రాజు కాలంలో, ఒరోసియస్ రాసిన లాటిన్ చరిత్రని పాత ఇంగ్లీషులోకి తెచ్చారు. అందులో 'ఉండు' క్రియకి పక్కన 'ఎండె' తోక ఉన్న క్రియ పెట్టిన వాక్యాలు చాలా కనిపిస్తాయి. ఇది ఒక దారి. ఇంకో దారి 'ఆన్ హంటింగ్', అంటే మనం 'వేటలో ఉన్నాడు' అంటాం చూడండి, అలాంటిదన్నమాట. ఆ 'ఆన్' అరిగి 'ఎ-హంటింగ్' అయింది, తర్వాత ఆ 'ఎ' కూడా ఊడిపోయింది. అమెరికాలో అపలేచియా కొండల వైపు మాండలికంలో అది ఇంకా బతికే ఉంది. ఈ రెండు దారుల్లో దేని పాలు ఎంత అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. మన 'చేస్తూ ఉన్నాను' అరిగి 'చేస్తున్నాను' అయినట్టే... అరగదీసింది జనం, వ్యాకరణ పండితులు కాదు.

పండితుల సంగతి చూడండి. మొట్టమొదటి ఇంగ్లీషు వ్యాకరణం 1586లో విలియం బుల్లోకర్ రాశాడు, అదీ లాటిన్ వ్యాకరణం నమూనాలో. లాటిన్‌లో 'చదువుతాను', 'చదువుతున్నాను' రెండిటికీ 'లెగో' అని ఒకటే మాట! షేక్‌స్పియర్ హామ్లెట్‌లో, 1600 ప్రాంతంలో, పుస్తకం పట్టుకుని నిలబడ్డ హామ్లెట్‌ని ఏం చదువుతున్నారని పొలోనియస్ అడిగేది కూడా సింపుల్ ప్రెజెంట్‌లోనే. ఇవాళ మన స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్‌లో అయితే పాపం ఆయనకి మార్కులు పడవు :)

ఇంకా అసలు తమాషా ఏంటంటే... ఇల్లు కడుతున్నారు అని చెప్పడానికి ఒకప్పుడు 'ద హౌస్ ఈజ్ బిల్డింగ్' అనేవాళ్ళు, ఇల్లు తనని తానే కట్టుకుంటున్నట్టు. 'ఈజ్ బీయింగ్ బిల్ట్' లాంటి వాడుక 18వ శతాబ్దం చివర్లో కనిపించడం మొదలైంది. కవి రాబర్ట్ సౌతీ 1795 నాటి ఉత్తరంలో అది కనిపిస్తుంది. పెద్దమనుషులకి ఒళ్ళు మండింది. అమెరికన్ విమర్శకుడు రిచర్డ్ గ్రాంట్ వైట్ 1870 నాటి తన పుస్తకంలో దీన్ని తిట్టడానికి ఏకంగా ఒక అధ్యాయమే కేటాయించాడు. ఇప్పుడు మన స్టేటస్ మెయిల్స్‌లోంచి 'ఈజ్ బీయింగ్' తీసేస్తే ఏం మిగులుతుంది చెప్పండి? 'ఇష్యూ ఈజ్ బీయింగ్ ఇన్వెస్టిగేటెడ్' అనకుండా ఏ శుక్రవారమైనా గడిచిందా?

సరే, మనవాడి డౌట్ సంగతికొద్దాం. తెలుగులో మనం 'అనుకుంటున్నాను', 'నమ్ముతున్నాను', 'వినిపిస్తోందా' అంటాం. ఇవన్నీ మనకి సహజంగానే కంటిన్యువస్. కాబట్టి 'ఐయామ్ బిలీవింగ్' నోట్లోంచి రావడంలో వింతేం లేదు. కానీ 'నాకో డౌట్ ఉంటోంది' అని ఎవరమూ అనం. అంటే అన్నిటికీ తెలుగునే తిట్టుకోలేం. మనదేశంలో మిగతా భాషలవాళ్ళూ ఇలాగే మాట్లాడతారు. నిస్సిమ్ ఎజెకీల్ 'గుడ్‌బై పార్టీ ఫర్ మిస్ పుష్ప టి.ఎస్.' కవితలో ఆటపట్టించింది ఈ 'ఇంగ్' ఇంగ్లీషునే. 2003లో మెక్‌డొనాల్డ్స్ 'ఐయామ్ లవింగ్ ఇట్' అంటే మాత్రం ఎవరూ గ్రామర్ పుస్తకం తియ్యలేదు. వాళ్ళంటే స్టైలు, మనమంటే తప్పు!

అలాగని రూల్స్ వద్దని కాదు. క్లయింటుకి పంపే మెయిల్‌లో నేను ఇప్పటికీ 'ఐ హావ్ ఎ క్వశ్చన్' అనే రాస్తాను, అలాగే రాయమంటాను. ఎదుటివాడికి అలవాటైన పద్ధతిలో చెప్పడం మన ఉద్యోగంలో భాగమే. కానీ వెయ్యేళ్ళుగా మారుతూ వస్తున్నదాన్ని అడ్డం పెట్టుకుని ఒక మనిషి నోరు మూయించే హక్కు నాకెక్కడిది?

మొన్న ఆ కుర్రాడికి ఇదంతా చెప్పి సారీ చెప్పాను. అంతా విని "అయితే నేనన్నది తప్పు కాదా అన్నా?" అన్నాడు.

"మెయిల్‌లో అయితే తప్పే. కాల్‌లో మాత్రం ముందు అడుగు, గ్రామర్ తర్వాత చూసుకుందాం" అన్నాను.