వానాకాలపు టమాటా: ‘రోగాన్ని తట్టుకునే రకం’ అంటే ఏ రోగాన్ని?

2021 నవంబరులో రాయలసీమను ముంచెత్తిన వానలకు టమాటా తోటలు కుళ్లిపోయాయి. ఆ నెలలోనే మదనపల్లె మార్కెట్లో కిలో ధర 100 రూపాయలు దాటింది. 2023 జులై, ఆగస్టుల్లో దేశంలోని అనేక నగరాల్లో అది 200 రూపాయలు దాటింది. ఏటా దాదాపు 2 కోట్ల టన్నుల టమాటా పండించి, ప్రపంచంలో చైనా తరువాతి స్థానంలో ఉన్న దేశంలో ఒక్క వానాకాలం ధరను ఇంతలా ఎందుకు కదిలిస్తుంది? వానకు పూత రాలడం, కాయ పగలడం, రవాణా ఆగడం వంటి కారణాలు ఉన్నాయి. తెగుళ్లు వాటిలో పెద్దవి. తెగులును తట్టుకునే రకాన్ని ఎంచుకోవడం రైతు చేతిలో ఉన్న అన్నిటికంటే చవకైన రక్షణ. కానీ విత్తన ప్యాకెట్‌పై ‘రోగ నిరోధక రకం’ అన్న మాట ఒక్కటే చూసి కొంటే మోసపోయే అవకాశం ఎక్కువ.

వానలో వచ్చేది ఒక్క రోగం కాదు

మన దేశంలో తడి వాతావరణంలో ఆరుబయట టమాటాను దెబ్బతీసేవి ప్రధానంగా మూడు.

మొదటిది లేట్ బ్లైట్. దీనికి కారణం ఫైటాఫ్తోరా ఇన్‌ఫెస్టన్స్ అనే సూక్ష్మజీవి. 1845 తరువాత ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటను తుడిచిపెట్టి కరవు తెచ్చింది ఇదే. చల్లదనం, తడి కలిసి ఉంటే ఇది విజృంభిస్తుంది. ఉష్ణోగ్రత 15 నుంచి 22 డిగ్రీల మధ్య ఉండి, ఆకులు గంటల తరబడి తడిగా ఉంటే వారం పది రోజుల్లో తోట మాడిపోవచ్చు. ఆకులపై నీటిలో నానినట్టుండే ముదురు మచ్చలు, అడుగున తెల్లటి బూజు, కాయలపై గట్టి గోధుమరంగు మచ్చలు దీని గుర్తులు.

రెండోది ఎర్లీ బ్లైట్. ఆల్టర్నేరియా శిలీంధ్రం వల్ల వస్తుంది. ముదురు ఆకులపై ఒకదానిలో ఒకటి గీసిన వలయాల్లాంటి మచ్చలు కనిపిస్తాయి. దీనికి చల్లదనం అక్కర్లేదు. వెచ్చని వాతావరణం, మధ్యమధ్య జల్లులు చాలు. లేట్ బ్లైట్ అంత వేగంగా కాకపోయినా కింది ఆకులతో మొదలై మొక్కను మోడు చేస్తుంది.

మూడోది బాక్టీరియా ఎండు తెగులు. రాల్‌స్టోనియా అనే బాక్టీరియా నేలలో ఉండి వేర్ల ద్వారా లోపలికి చేరుతుంది. వేడి, తడి నేల, ఆమ్ల గుణం దీనికి అనుకూలం. కేరళ, ఒడిశా, ఝార్ఖండ్, కర్ణాటక, ఈశాన్య రాష్ట్రాల్లో ఇది పాత సమస్య. ఆకులు పచ్చగా ఉండగానే మొక్క వాడిపోతుంది. అనుమానం వస్తే కాండాన్ని అడుగున కోసి, కోసిన చివరను గాజు గ్లాసులోని మంచినీళ్లలో ఉంచాలి. కొద్ది నిమిషాల్లో పాల దారలా తెల్లటి స్రావం దిగితే అది బాక్టీరియా పనే. ఏ మందు పిచికారీ చేసినా అప్పటికే వాడిన మొక్క కోలుకోదు.

ఇక ఆకుముడత వైరస్. దాన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. పొడి, వేడి రోజుల్లో తెల్లదోమ ఎక్కువ, జోరు వానల్లో తక్కువ. మార్కెట్లో ఉన్న చాలా హైబ్రిడ్ల ప్రచారం ఈ వైరస్ చుట్టూనే తిరుగుతుంది. వేసవి నాటుకు అది విలువైన గుణమే. కానీ ఆకుముడతను తట్టుకునే రకానికి లేట్ బ్లైట్‌ను ఆపే శక్తి ఉండాలని లేదు. ఈ రెండు గుణాలకూ కారణమయ్యే జన్యువులు వేరు.

జన్యువుల సంగతి

లేట్ బ్లైట్‌ను అడ్డుకునే గుణం సాగు టమాటాలో సహజంగా దాదాపు లేదు. దక్షిణ అమెరికాలో పెరిగే, గోళీకాయంత పండ్లు కాసే అడవి టమాటా నుంచి దాన్ని తెచ్చారు. అలా వచ్చిన జన్యువుల్లో మొదటిదైన పీహెచ్-1ను తెగులు త్వరగానే జయించింది. పీహెచ్-2 తెగులును పూర్తిగా ఆపదు, వ్యాప్తిని నెమ్మదింపజేస్తుంది. పీహెచ్-3 ఇంకా బలమైనది. ఈ రెండింటినీ ఒకే మొక్కలో కలిపితే రక్షణ మెరుగవుతుందని తేలాక ప్రజనన శాస్త్రవేత్తలు ఆ దారి పట్టారు. అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ విడుదల చేసిన మౌంటెన్ మ్యాజిక్, మౌంటెన్ మెరిట్, బ్రిటన్ పెరటి తోటల్లో పేరుపడ్డ క్రిమ్సన్ క్రష్ ఆ కోవలోవే.

భారత్‌కు ఈ విషయం దూరపు వార్త కాదు. 2009-10 ప్రాంతంలో దక్షిణాదిన టమాటా, బంగాళాదుంపలపై లేట్ బ్లైట్ తీవ్రంగా విరుచుకుపడింది. యూరప్‌లో అప్పటికే వ్యాపించిన 13-ఎ2 అనే వంశం ఇక్కడికి చేరడమే కారణమని పరిశోధకులు గుర్తించారు. రైతులు ఎక్కువగా నమ్ముకునే మెటలాక్సిల్ మందుకు ఈ వంశం లొంగదు. మందు పనిచేయని చోట రకం ఎంపిక బరువు పెరుగుతుంది.

మన దగ్గర ఉన్నవి

బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రకాలు ఇక్కడ ముందుగా చూడాల్సినవి. అర్క రక్షక్, అర్క సామ్రాట్ హైబ్రిడ్లు ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఎర్లీ బ్లైట్ మూడింటినీ తట్టుకుంటాయి. అర్క రక్షక్ కాయ 90 నుంచి 100 గ్రాముల బరువుతో గట్టిగా ఉంటుంది, దూర రవాణాకు ఆగుతుంది. అయితే ఈ మూడింటిలో లేట్ బ్లైట్ లేదు. తరువాత వచ్చిన అర్క అభేద్‌లో ఆ నాలుగో గుణాన్నీ చేర్చారు. చల్లని వానలుండే ఎత్తు ప్రాంతాలకు ఈ తేడా కీలకం.

బాక్టీరియా ఎండు తెగులు ఒక్కటే ప్రధాన శత్రువైన చోట దారి ఇంకా సులువు. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి శక్తి, ముక్తి, అనఘ, ఒడిశాలో రూపొందిన ఉత్కళ్ పల్లవి, ఉత్కళ్ కుమారి, బెంగళూరు సంస్థవే అయిన అర్క ఆభ, అర్క ఆలోక్ ఈ తెగులును తట్టుకునే సూటి రకాలు. వీటి విత్తనాన్ని రైతు సొంతంగా కట్టుకోవచ్చు. హైబ్రిడ్ల విత్తనం తిరిగి వేస్తే మొక్కలన్నీ ఒకే తీరుగా రావు. అందుకే వాటికి ఏటా డబ్బు పెట్టాలి.

ప్యాకెట్‌పై ఏం చూడాలి

విత్తన కంపెనీలు అంతర్జాతీయంగా వాడే సంకేతాలు కొన్ని ఉన్నాయి. హెచ్ఆర్ అంటే అధిక నిరోధకత, ఐఆర్ అంటే మధ్యస్థ నిరోధకత. ఆ పక్కన తెగులు పేరుకు పొడి అక్షరాలు ఉంటాయి. పీఐ అంటే లేట్ బ్లైట్, ఆర్ఎస్ అంటే బాక్టీరియా ఎండు తెగులు, టీవైఎల్‌సీవీ అంటే ఆకుముడత వైరస్. అధిక నిరోధకత ఉన్నా తెగులు ఒత్తిడి మరీ ఎక్కువైతే కొంత నష్టం తప్పదు. ఏ తెగులు పేరూ రాయకుండా ‘రోగాలను తట్టుకుంటుంది’ అని మాత్రమే ఉంటే దాన్ని ప్రకటనగానే చూడాలి. 1966 విత్తన చట్టం కింద ధ్రువీకరణ తప్పనిసరి కాదు. చాలా ప్రైవేటు హైబ్రిడ్లు కంపెనీ సొంత హామీ లేబుల్‌తోనే అమ్ముడవుతాయి. అందుకే బిల్లు, లాట్ నంబరు, ఖాళీ ప్యాకెట్ పంట పూర్తయ్యేదాకా దాచుకోవాలి. నష్టపరిహారం అడగాల్సి వస్తే ఆధారం అవే.

ఊరిని బట్టి ఎంపిక

మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. వాన పడితే రాత్రులు చల్లబడతాయి. అక్కడ, పొరుగున కోలారులో వానల వేళ పంటకు లేట్ బ్లైట్ గుణం ఉండాలి. కోస్తాలో వానాకాలపు రాత్రులు వెచ్చగా ఉంటాయి కనుక లేట్ బ్లైట్ కంటే బాక్టీరియా ఎండు తెగులు, ఎర్లీ బ్లైట్‌లకే ముందు చోటివ్వాలి. అంతకు ముందు అదే నేలలో వంగ, మిరప, బంగాళాదుంప వేసి మొక్కలు వాడిపోయి ఉంటే ఎండు తెగులు పొంచి ఉన్నట్టే లెక్క. అలాంటి మడిలో వరి లేదా మొక్కజొన్నతో పంట మార్పిడి చేశాకే టమాటాకు దిగడం మేలు.

నీరు నిలిచే నేలలకు మరో మార్గం అంటు కట్టిన నారు. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం వానాకాలపు టమాటా కోసం వంగ వేరుపై టమాటా కొమ్మను అంటుకట్టే పద్ధతిని ప్రోత్సహించింది. వంగ వేరు నీటి ముంపును టమాటా వేరు కంటే బాగా ఓర్చుకుంటుంది, సరైన వంగ రకమైతే ఎండు తెగులునూ ఆపుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఇలాంటి నారు వాడకం ఇప్పటికే పెరిగింది. అయితే పైనున్న కొమ్మ టమాటాదే కాబట్టి ఆకులకు వచ్చే బ్లైట్‌ల నుంచి ఈ అంటు కాపాడదు.

రకం ఒక్కటే చాలదు

నేపాల్ కొండల్లో సృజన హైబ్రిడ్‌ను, బంగ్లాదేశ్‌లోని జెస్సోర్ ప్రాంతంలో బారి హైబ్రిడ్లను వానాకాలంలో ప్లాస్టిక్ పైకప్పు కింద పండిస్తారు. ఆకు తడవకపోతే బ్లైట్ పట్టు సగం సడలినట్టే. పైకప్పు వేసే స్తోమత లేనప్పుడు ఎత్తు బెడ్లు, మల్చింగ్ షీటు, డ్రిప్పు, ఊతకర్రలు, మొక్కల మధ్య గాలి ఆడే దూరం, నేలను తాకే కింది ఆకుల తొలగింపు అదే పనిని కొంతవరకు చేస్తాయి. మాంకోజెబ్, రాగి మందుల వంటివి తెగులు రాకముందు కొడితేనే రక్షణ. మచ్చలు తోటంతా పరచుకున్నాక కొడితే ఖర్చే మిగులుతుంది. తట్టుకునే రకం వేసినప్పుడు పిచికారీల సంఖ్య తగ్గుతుంది, వాటి మధ్య ఎడం పెరుగుతుంది. లాభం అక్కడే కనిపిస్తుంది.

మేడ మీద కుండీల్లో పెంచేవారికి లెక్క కొంచెం వేరు. కొత్త మట్టి వాడితే ఎండు తెగులు భయం తక్కువ. వానకు పెద్ద కాయలు పగులుతాయి కనుక చెర్రీ రకాలు నయం. చూరు కింద, ఎండ తగిలే చోట కుండీ పెడితే సగం పని అయినట్టే.

తెగులు తన రూపం మార్చుకుంటూనే ఉంటుంది. పీహెచ్-1కు పట్టిన గతి రేపు మరో జన్యువుకూ పట్టవచ్చు. అందువల్ల కొత్త రకాన్ని ఒకేసారి ఎకరమంతా వేయకుండా, అలవాటైన రకం పక్కన నాలుగైదు సాళ్లలో వేసి ఒక వానాకాలం చూడడం తెలివైన పని. మొదటి మచ్చ ఏ తేదీన కనిపించింది, ఎన్ని పిచికారీలు పడ్డాయి, ఎన్ని పెట్టెలు కోశారు అనే మూడు అంకెలు రాసిపెట్టుకుంటే మరుసటి ఏడాది విత్తనాల దుకాణంలో ఏది అడగాలో స్పష్టంగా తెలుస్తుంది.