ఖరిదా తెలుగు పిల్లలకు కథల పుస్తకాలు: ఏవి, ఎక్కడివి, రచయితను పిలిస్తే ఏం చేయాలి

పశ్చిమ బెంగాల్ రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లోని పాత పేటల్లో ఖరిదా ఒకటి. ఈ పట్టణంలో తెలుగు వినిపించడానికి కారణం రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షన్, వర్క్‌షాపు కట్టింది. తూర్పు తీర రైలు మార్గంలో ఉత్తర భాగం 1902లో అదే కంపెనీ చేతికి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పనికోసం వచ్చినవాళ్లు ఇక్కడే స్థిరపడ్డారు. ఇప్పుడు వాళ్ల మూడో తరం, నాలుగో తరం పిల్లలు బడికి వెళ్తున్నారు.

పశ్చిమ బెంగాల్ మాధ్యమిక విద్యా బోర్డు పదో తరగతి పరీక్షలో ప్రథమ భాషగా తీసుకోదగిన భాషల్లో తెలుగు ఉంది. తెలుగును రాష్ట్ర అధికార భాషల జాబితాలో చేర్చాలని 2020 డిసెంబరులో మంత్రివర్గం నిర్ణయించింది. ఈ రెండూ మంచివే. అయితే పరీక్షకు పాఠ్యపుస్తకం చాలు, చదవడం అలవాటు కావడానికి అది చాలదు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ, ఫోనులో ఇంగ్లిషు వినే పిల్లవాడికి తెలుగు అక్షరాలు కనిపించేది దాదాపు పాఠ్యపుస్తకంలోనే. నాలుగో తరగతి దాటేలోగా సొంతంగా ఒక కథ చదివి నవ్వుకున్న అనుభవం లేకపోతే, ఆ పిల్లవాడికి తెలుగు మాట్లాడే భాషగా మిగులుతుంది తప్ప చదివే భాష కాదు. ఆ తర్వాతి తరానికి మాట కూడా అనుమానమే.

తరగతికి ఏ పుస్తకాలు

చిన్న తరగతులకు ముందుగా చూడవలసినవి బొమ్మల పుస్తకాలు. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం సంస్థ పిల్లల కోసం తక్కువ ధరలో తెలుగు పుస్తకాలు వేస్తోంది. తానాతో కలిసి పోటీలు పెట్టి కొత్త రచయితల కథలను, నవలలను కూడా తెచ్చింది. చెన్నైకి చెందిన తూలిక తెలుగు, ఇంగ్లిషు రెండూ ఒకే పేజీలో ఉండే బొమ్మల పుస్తకాలు ప్రచురిస్తుంది. ఇంగ్లిషు చదవగలిగి తెలుగు తడుముకునే పిల్లలకు ఇవి బాగా పనికొస్తాయి.

ఖరగ్‌పూర్‌లాంటి చోట నేషనల్ బుక్ ట్రస్ట్‌కు ఇంకో ప్రయోజనం ఉంది. 1957లో ఏర్పడిన ఈ సంస్థ నెహ్రూ బాల పుస్తకాలయం కింద ఒకే బొమ్మల పుస్తకాన్ని అనేక భారతీయ భాషల్లో వేస్తుంది. ఒకే కథ తెలుగు, బెంగాలీ, హిందీ ప్రతులు మూడూ బల్ల మీద పెడితే, ముగ్గురు పక్కింటి పిల్లలు ఒకే బొమ్మ చూస్తూ ఎవరి భాషలో వాళ్లు చదువుకోవచ్చు. తెలుగు రాష్ట్రాల్లోని బడికి ఇలాంటి అవకాశం అంత తేలిగ్గా దొరకదు.

డబ్బు లేనిచోట స్టోరీవీవర్ ఉంది. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన ఈ ఆన్‌లైన్ వేదికలో కథలను చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విడదీశారు. ఉచితంగా దించుకుని ముద్రించుకోవచ్చు. ఉపాధ్యాయులే అనువదించుకోవచ్చు కూడా. బెంగాలీ నుంచి తెలుగులోకి కథ తేగల ఉపాధ్యాయులు ఖరగ్‌పూర్‌లో దొరికినంత సులువుగా విజయవాడలో దొరకరు.

పై తరగతులకు ఉత్తరాంధ్ర కథను మించినది లేదు. చాసో కథ ‘ఎందుకు పారేస్తాను నాన్నా?’ తీసుకోండి. తండ్రికి ఫీజు కట్టే స్తోమత లేక బడి మానవలసి వచ్చిన కుర్రాడి కథ అది. ఎనిమిదో తరగతి పిల్లలకు దాన్ని వివరించనక్కర్లేదు, బిగ్గరగా చదివితే చాలు. శ్రీకాకుళంలో 1997లో కథానిలయం స్థాపించిన కాళీపట్నం రామారావు లెక్కల మాస్టారు. తెలుగు కథలను ఒకచోట చేర్చడానికి పుట్టిన ఆ గ్రంథాలయం ఎన్నో పాత కథలను ఇంటర్నెట్‌లో కూడా అందుబాటులో ఉంచింది.

ఇక్కడ యాస సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో ‘గుంటడు’, ‘ఒగ్గేయ్’ అనే పిల్లవాడికి బడిలో అవి తప్పులని చెబితే, పుస్తకం తనది కాదని అనుకుంటాడు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడింది బడి పుస్తకాల దగ్గరే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూ, తరగతిలో మాత్రం యాసను దిద్దడం వింతే.

ఉపాధ్యాయులు చదవవలసినవి

రెండు పుస్తకాలు చాలు మొదలుపెట్టడానికి. గిజూభాయి బధేకా 1932 నాటి గుజరాతీ పుస్తకం ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటికల’గా వచ్చింది. అందులో కొత్త మాస్టారు నాలుగో తరగతిని పాఠంతో కాక కథతో మొదలుపెడతాడు, పాఠ్యపుస్తకాలకు పెట్టే డబ్బుతో తరగతికి గ్రంథాలయం ఏర్పాటు చేస్తాడు. పై అధికారి అనుమానాలు, తోటి ఉపాధ్యాయుల వెక్కిరింతలు అన్నీ ఉంటాయి. తొంభై ఏళ్లు దాటినా ఆ స్టాఫ్ రూమ్ కొత్తగా అనిపించదు.

రెండోది తెత్సుకో కురొయనాగి ‘తొత్తోచాన్’. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దాన్ని ‘రైలుబడి’ పేరుతో ప్రచురించింది. టోక్యోలో పాత రైలు పెట్టెల్లో నడిచిన తొమోయె బడి జ్ఞాపకాలు అవి. రెండో ప్రపంచయుద్ధపు బాంబుదాడిలో ఆ బడి కాలిపోయింది. రైల్వే క్వార్టర్లలో పెరిగే పిల్లలకు ఈ పుస్తకాన్ని పరిచయం చేయడానికి ఉపాధ్యాయులు వేరే ఉపాయం వెతకక్కర్లేదు.

రచయిత వస్తే

విశాఖపట్నం నుంచి ఖరగ్‌పూర్ 750 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. కోరమాండల్, ఫలక్‌నుమా లాంటి రైళ్లు ఇక్కడ ఆగుతాయి, అంటే రచయితకు ఇది ఒక రాత్రి ప్రయాణం. కాబట్టి దూరం సమస్య కాదు. వచ్చాక ఏం చేయిస్తారన్నదే అసలు సంగతి. శాలువా, పూలదండ, పెద్దల ప్రసంగాలు అయ్యేసరికి పిల్లలకు ఆకలి వేస్తుంది, రచయితకు రైలు టైమవుతుంది. మన సభల తీరు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు.

పనికొచ్చే పద్ధతి వేరు. రచయిత రావడానికి మూడు నాలుగు వారాల ముందే ఆయన పుస్తకం ఒకటి తరగతికి చేరాలి. ముప్పై మంది పిల్లలకు కనీసం ఐదారు ప్రతులు ఉంటే చేతులు మారుతూ అందరూ చదవగలరు. ఉపాధ్యాయురాలు రోజుకు పది నిమిషాలు బిగ్గరగా చదవాలి. చదవడం రాని పిల్లలు కూడా వినడంతో కథలోకి వస్తారు. ప్రశ్నలు పిల్లలే రాసుకోవాలి. ఉపాధ్యాయులు దిద్దిన ప్రశ్నలు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి, “మీకు ప్రేరణ ఎవరు?” అన్నట్టు. పిల్లలు మాత్రం ఆ కుక్క చివరకు ఏమైందని అడుగుతారు.

ఆ రోజు రచయిత ప్రసంగించకుండా చదవాలి. తర్వాత పిల్లలు ఒక పేజీ రాయాలి, లేదా బొమ్మ వేయాలి. మధ్యాహ్నం ఉపాధ్యాయులతో విడిగా ఒక గంట కూర్చుంటే, ఏ పుస్తకం ఏ వయసుకు నప్పుతుందో మాట్లాడుకోవచ్చు. రచయిత వెళ్లేటప్పుడు బడిలో మిగిలేది ఆ ఐదారు ప్రతులు, ఈ మాటలు. రైలు ఖర్చు భరించలేని బడులకు వీడియో కాల్ ఉంది. పుస్తకం ముందే చదివి ఉంటే అదీ బాగానే నడుస్తుంది.

తేదీ ఎంచుకోవడానికి క్యాలెండర్‌లో చోటుంది. ఆండర్సన్ పుట్టినరోజు ఏప్రిల్ 2 అంతర్జాతీయ బాలల పుస్తక దినం, 1967 నుంచి జరుపుతున్నారు. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. అయితే ఏప్రిల్, నవంబరుల్లో పరీక్షల ఒత్తిడి ఉందో లేదో బడి ముందే చూసుకోవాలి. ఆగస్టు 29 అన్నిటికన్నా అనువు. జూలై చివరికల్లా పుస్తకాలు తెప్పించుకుంటే చదవడానికి నెల రోజులు దొరుకుతుంది.