పసిబిడ్డకు క్రొత్త రుచి



సద్దుల బతుకమ్మనాడు ఆడుబిడ్డలు పూలను నీట విడిచి, నువ్వుల పొడి, పల్లీల పొడి, మలీద పంచుకొనునప్పుడు, చంకనున్న పసిబిడ్డయు చేయి చాచును. తాత నవ్వి చిటికెడు పొడి దాని నోట వేయును. ధర్మపురి మొదలుకొని కోరుట్ల, సిరిసిల్లవఱకు మన పల్లెలన్నిటను కనబడు దృశ్యమిది. ఆ చిటికెడు పొడి వెనుక గల చరిత్రను ఈ పూట మీకు మనవి చేసెదను.

బిడ్డకు అన్నము ముట్టించుటను మన పూర్వులు వేడుకగా మాత్రమే గాక విధిగా నెంచిరి. ఆపస్తంబ గృహ్యసూత్రము ఆఱవ నెలలో పెరుగు, తేనె, నేయి, అన్నము కలిపి తినిపింపుమన్నది. కాశ్యపసంహిత ముందు పండ్లు, తరువాత అన్నము అని క్రమము చెప్పినది. దేహమునకు ఒదిగిన ఆహారమును చరకసంహిత సాత్మ్యమన్నది, ఒదుగనిది అసాత్మ్యము, అలవాటుచే ఒదుగునది ఓకసాత్మ్యము. అయినను పాతదంతయు నేటికి సరియని చెప్పరాదు. 1976 లో పసివారికి వచ్చు బొటులిజమను రోగము గుర్తింపబడి, దానికి తేనెతో గల సంబంధము తేలిన పిదప, ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదని వైద్యులు నిర్ణయించిరి.

నువ్వులు మనకు అతి ప్రాచీనములు. హరప్పా త్రవ్వకములలో మాడిన నువ్వులు దొరకినవి. మన జగిత్యాల ప్రాంతము నువ్వుల పంటకు పేరుగన్నది. పొలాస వ్యవసాయ పరిశోధన స్థానమునుండి మేలైన నువ్వు రకములు వెలువడినవి. పల్లీ యట్లుగాదు. అది దక్షిణ అమెరికాలో పుట్టి, సముద్రములు దాటి మన నేలకు వచ్చినది. ఒకనాటి క్రొత్త తిండి నేడు పండుగ పళ్ళెములో నువ్వుల సరసన కూర్చున్నది. కావున క్రొత్తదనుటచేతనే ఏ తిండియు దోషి కాదు.

మఱి ఒకరికి అమృతమైన తిండి వేఱొకరికి విషమగుటకు కారణమేమి? 1902 లో పారిసు పండితులు రిషే, పోర్టియే యనువారు, మొదటిసారి ఓర్చుకొన్న పదార్థమునే రెండవసారి స్వల్పముగా ఎక్కించినను జంతువు ప్రాణాపాయమున బడుట చూచిరి. 1906 లో వియన్నా వైద్యుడు పిర్కే ఇట్టి విపరీత స్పందనకు ఎలర్జీ యను పేరు పెట్టెను. 1921 లో జర్మనీలో క్యూస్ట్నర్ అను వైద్యునికి వండిన చేప పడదు. ఆయన రక్తరసమును ప్రౌస్నిట్జ్ తన చర్మములోనికి ఎక్కించుకొని, మఱునాడు అచ్చటనే చేపరసమును ఎక్కించుకొనగా ఆ చోటు దద్దురుగా పొంగెను. దోషము చేపలో లేదు, రక్తములోని ఏదో యొక వస్తువులో నున్నదని దీనివలన తేలినది. 1960 ల చివరి యేండ్లలో ఆ వస్తువును పట్టి ఐజీఈ యని పేరిడిరి.

ఇంత తెలిసియు పండితులు ఒకచోట తడబడిరి. ఎలర్జీ భయముగల కుటుంబముల బిడ్డలకు మూడేండ్లు నిండువఱకు పల్లీ పెట్టవలదని 2000 లో అమెరికా శిశువైద్యుల సంఘము సలహా యిచ్చినది. 2008 లో దానిని విడిచినది. అదే 2008 లో ఒక పరిశోధన వెలువడినది. పల్లీ తిండి ఆలస్యముగా నెఱుగు ఇంగ్లండు యూదుల బిడ్డలలో వెయ్యింట సుమారు 18 మందికి పల్లీ ఎలర్జీ యుండగా, ఏడాది నిండకమునుపే పల్లీ తిండి యెఱిగిన ఇజ్రాయేలు బిడ్డలలో అది ఇద్దఱికే యుండెను. పిమ్మట లండనులో, చర్మవ్యాధియో గుడ్డు ఎలర్జీయో గల 640 మంది పసివారిని పరీక్షించి, 2015 లో ఫలితము ప్రకటించిరి. మొదటి పరీక్షలో పల్లీకి చర్మము స్పందింపని బిడ్డలలో, అయిదేండ్లవఱకు దానిని మాన్పించినవారిలో నూటికి 13.7 మందికి, తినిపించినవారిలో 1.9 మందికి మాత్రమే ఎలర్జీ కలిగెను. భయపడి దాచుటయే కీడైనది. అయితే ఆ పరీక్ష వైద్యుల కంటియెదుట జరిగినదని మఱువరాదు. తీవ్రమైన దురద, చర్మపు పుండ్లు తగ్గని బిడ్డకు వైద్యుని అడిగియే పల్లీ పెట్టవలెను.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినదేమి? ఆఱు నెలలు తల్లిపాలు. పిమ్మట ఒక్కొక్క క్రొత్త పదార్థము, ఒంట్లో బాగున్ననాడు, పగటివేళ, కొంచెముగా. రెండు మూడు దినములు చూచి మఱియొకటి. అంగన్వాడీలో నిచ్చు బాలామృతములో గోధుమ, శనగ, పాలపొడి కలసియుండును. వాటిని ఇంట వేఱువేఱుగ రుచి చూపియుంచినచో, ఏది పడలేదో తెలియుట సులభము. అయిదేండ్లలోపు బిడ్డకు పల్లీగింజ నిండుగా పెట్టరాదు, గొంతున అడ్డుపడును. మెత్తని పొడిని జావలో కలుపవలెను. నువ్వులు పడని బిడ్డకు నువ్వుల ఉండయేగాదు, సకినమును కీడే.

తిన్న కొలది సేపటిలో పెదవులు వాచి, దద్దుర్లు లేచి, వాంతియై, ఊపిరి పిల్లికూతలుగా వచ్చినచో, అది దిష్టియని ఉప్పు మిరపకాయలు త్రిప్పుచు జాము గడపరాదు. వెంటనే 108 ని పిలిచి, ఏమి తినిపించినది దాచక వైద్యునికి చెప్పవలెను. తినిపించినది తాతయైనను, అవ్వయైనను సిగ్గుపడనక్కఱలేదు. ఆ మాటయే బిడ్డ ప్రాణము కాచును.

అట్లని ఒకసారి కడుపు నొచ్చినంతనే పాలు, గుడ్డు జన్మాంతము మాన్పించుటయు తప్పే. కర్ణాటకములో పెద్దవారిపై జరిగి 2016 లో వెలువడిన పరిశోధనలో, రక్తపరీక్ష ఏదో యొక ఆహారమునకు స్పందించినవారు నూటికి 26 మందికి మించిరి. నిజముగా ఎలర్జీ యుండునని తోచినవారు 1.2 మంది మాత్రమే. అనుమానమున్నచో వైద్యుడు తేల్చవలెను, ఊరిమాట తేల్చరాదు.

వచ్చు బతుకమ్మనాడు మనుమరాలు చేయి చాచినప్పుడు చిటికెడు పొడి పెట్టుడు. పెట్టి, ఒక గడియసేపు దానిని ఒడిలోనే యుంచుకొని చూచుచుండుడు.