కారిపోయిన గ్యాసు ఎటు వెళ్లింది?

1960లలో సికింద్రాబాద్‌లోని ఒక ఫ్రిజ్‌ల కంపెనీలో వీరభద్రన్ రామనాథన్ అనే తమిళ యువకుడు ఇంజనీరుగా చేరారు. ఫ్రిజ్‌లలోంచి గ్యాసు ఎందుకు కారిపోతోందో కనిపెట్టి ఆపడం ఆయన పని. కొంతకాలానికి అది వదిలేసి బెంగళూరుకూ, అక్కణ్నుంచి అమెరికాకూ చదువుకు వెళ్లిపోయారు. గ్యాసు పోతే మళ్లీ ఎక్కించడమే తప్ప, పోయింది ఎటు పోయిందని పట్టించుకున్నవాళ్లు అప్పట్లో ప్రపంచంలోనే అరుదు.

అందుకు కారణం లేకపోలేదు. తొలి ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ వంటివి వాడేవారు. అవి కారితే ప్రాణాలకే ముప్పు. 1928లో జనరల్ మోటార్స్ తరఫున థామస్ మిజ్లీ బృందం విషమూ మంటా లేని క్లోరోఫ్లోరోకార్బన్లను, అంటే సీఎఫ్‌సీలను, ముందుకు తెచ్చింది. 1930లో శాస్త్రవేత్తల సభలో మిజ్లీ ఆ గ్యాసును గుండెల నిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి ఊదారు. కొవ్వొత్తి ఆరిపోయింది, ఆయనకేమీ కాలేదు. ఇక ‘ఫ్రియాన్’ పేరుతో అది ఫ్రిజ్‌లలోకి వచ్చింది. తర్వాత ఏసీలకూ, స్ప్రే డబ్బాలకూ, ఫోమ్ తయారీకీ పాకింది.

దేనితోనూ కలవని ఆ సాధుగుణమే కొంప ముంచింది. ఆ గ్యాసు వానకు కరగదు, కింది గాలిలో విరగదు. మెల్లగా పైకి చేరుతుంది. అక్కడ అతినీలలోహిత కిరణాల ధాటికి విడిపోయిన ఒక్కో క్లోరిన్ పరమాణువు వేల ఓజోన్ అణువులను నాశనం చేయగలదని 1974లో మారియో మొలీనా, షేర్‌వుడ్ రోలండ్ హెచ్చరించారు. మరుసటి ఏడాది, అప్పటికి నాసాలో ఉన్న రామనాథన్ ఇంకో గుట్టు విప్పారు: వేడిని పట్టి ఉంచడంలో ఒక సీఎఫ్‌సీ అణువు దాదాపు పదివేల కార్బన్ డయాక్సైడ్ అణువుల పెట్టు. పరిశ్రమ మాత్రం రుజువేదని వాదిస్తూ కూర్చుంది.

రుజువు అంటార్కిటికాలోని హేలీ కేంద్రం నుంచి వచ్చింది. అక్కడ బ్రిటిష్ బృందం 1950ల చివరి నుంచి డాబ్సన్ పరికరంతో ఓజోన్‌ను కొలుస్తూనే ఉంది. ఏళ్ల తరబడి అవే అంకెలు రాసుకునే విసుగు పని అది. నెత్తిమీది ఓజోన్‌నంతా నేల దగ్గరి పీడనానికి తెచ్చి పరిస్తే, ఆ పరికరం లెక్కలో 300 యూనిట్లకు వచ్చే మందం 3 మిల్లీమీటర్లే, రెండు నాణేలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. అక్టోబరులో అలా 300 దగ్గర ఉండే అంకె 1984 నాటికి 200 కిందికి జారింది. బృందం నాయకుడు జో ఫార్మన్ మొదట పరికరాన్నే అనుమానించి కొత్తది తెప్పించారు. అదీ అదే చెప్పింది. నాసా ఉపగ్రహం కూడా ఈ పతనాన్ని చూసింది కానీ, అంత తక్కువ అంకెలను కంప్యూటరు ‘అనుమానాస్పదం’ అని పక్కన పెట్టింది. 1985 మే నెలలో ఫార్మన్, ఆయన సహచరులు గార్డినర్, షాంక్లిన్‌ల వ్యాసం ‘నేచర్’లో వచ్చింది.

1987 సెప్టెంబరు 16న సీఎఫ్‌సీలను తగ్గించే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారత్ వెంటనే చేరలేదు. వాడినవాళ్లు సంపన్నులైతే ఖర్చు మేమెందుకు భరించాలన్నది మన వాదన, అందులో న్యాయముంది. 1990 లండన్ సమావేశంలో వర్ధమాన దేశాలకు నిధి ఏర్పాటుకు అంగీకారం కుదిరాక, 1992లో చేరింది. ఉబ్బసం ఇన్‌హేలర్ల అవసరం మినహా సీఎఫ్‌సీల తయారీని 2008లోనే, గడువు కంటే ముందే, ఆపేసింది.

దొంగచాటు వ్యవహారాలూ లేకపోలేదు. గాలిలో సీఎఫ్‌సీ-11 అనే రకం తగ్గాల్సినంతగా తగ్గడం లేదని 2018లో తేలింది. కొరియా, జపాన్ కేంద్రాల కొలతలు తూర్పు చైనా వైపు వేలు చూపాయి. ఆ తర్వాత ఉద్గారాలు మళ్లీ తగ్గాయి. అంటార్కిటికా మీద ఓజోన్ 1980 నాటి స్థాయికి చేరేది 2066 ప్రాంతంలోనని 2022 నాటి అంచనా.

సీఎఫ్‌సీలకూ, వాటి స్థానంలో తాత్కాలికంగా వాడిన గ్యాసులకూ బదులుగా వచ్చిన హైడ్రోఫ్లోరోకార్బన్లు, అంటే హెచ్‌ఎఫ్‌సీలు, ఓజోన్ జోలికి పోవు, కానీ వేడిని గట్టిగా పట్టేస్తాయి. రామనాథన్ 1975లో చూపిన ముప్పు వీటిలోనూ ఉంది. 2016లో కిగాలీలో వీటి మీదా ఒప్పందం కుదిరింది. ఇవాళ మెకానిక్కులు చాలా ఇళ్ల ఏసీల్లో ఎక్కిస్తున్న ఆర్-32 కూడా ఆ కుటుంబానిదే. హెచ్‌ఎఫ్‌సీల వాడకాన్ని భారత్ 2032 నుంచి అంచెలంచెలుగా తగ్గించాల్సి ఉంది.