జువెనైల్ జస్టిస్ బోర్డు విచారణ: తల్లిదండ్రుల పాత్ర

జువెనైల్ జస్టిస్ బోర్డు భారతదేశంలో నేరారోపణ ఎదుర్కొంటున్న, 18 ఏళ్లు నిండని పిల్లల కేసులను విచారించే మండలి. 2016 జనవరి 15న అమల్లోకి వచ్చిన 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఇందులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ.

పిల్లలను అదుపులోకి తీసుకున్న పోలీసులు తల్లిదండ్రులకు సమాచారమిచ్చి, ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచరాదు.

తల్లిదండ్రులు చేయవలసిన పనుల్లో వయసు నిరూపణ అత్యంత కీలకం. ఘటన జరిగిన నాటి వయసే లెక్కలోకి వస్తుంది. బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకుంటే పురపాలక సంఘం లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం చూపాలి. ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష జరుపుతారు.

బెయిలు సాధారణ నియమం. నేరస్థుల సావాసంలో పడడం, పిల్లలకే హాని కలగడం, న్యాయానికి విఘాతం వంటి కారణాలుంటేనే నిరాకరిస్తారు. అందుకే ప్రొబేషన్ అధికారి నివేదిక కోసం కుటుంబం ఇచ్చే వివరాలకు విలువ ఎక్కువ. న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు.

16 ఏళ్లు నిండినవారిపై ఘోర నేరారోపణ ఉంటే, ప్రాథమిక అంచనా తరువాత కేసు బాలల న్యాయస్థానానికి బదిలీ కావచ్చు. పిల్లల పేరు, ఫొటో, బడి వివరాలు ప్రచురించడం 74వ సెక్షన్ కింద నేరం.