ఆలయ మంటపమూ ఓనమాలూ



జీర్ణోద్ధరణ పూర్తియై, మహాకుంభాభిషేకానికి సిద్ధమైన మన ఆలయానికి విచ్చేసిన మీ దృష్టి ముందుగా శిఖరంపైకి పోవడం సహజం. దర్శనానంతరం ధ్వజస్తంభం ప్రక్కనున్న చిన్న మంటపాన్ని కూడా ఒక్కసారి చూడవలసిందిగా మనవి. పసివారికి అక్షరాభ్యాసం జరిగేది అక్కడనే. నలుబది సంవత్సరాలకు పైగా ఆ మంటపంలో బియ్యం పోసి, లేత వ్రేళ్లు పట్టుకొని అక్షరాలు దిద్దించే భాగ్యం నాకు లభించింది. తెలుగువారు తొలి అక్షరాలను ‘ఓనమాలు’ అనడానికి కారణం ‘ఓం నమః’ అను భగవన్నామంతో చదువు మొదలుపెట్టడమే.

ఈ ఆచారం ఎంతటి విద్యావ్యవస్థకు ప్రవేశద్వారమో తెలిపే ప్రభుత్వపత్రం ఒకటి ఉన్నది. తిరుమలలో మన్రో గంగాళం పేరు విన్నారు గదా! ఆ సర్ థామస్ మన్రోయే మద్రాసు గవర్నరుగా ఉండి, 1822 జూన్ 25న, రాజధానిలోని పాఠశాలలను లెక్కించి పంపవలసిందిగా కలెక్టర్లను కోరినాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823 ఆగస్టు 17న తన నివేదిక పంపినాడు. ఈయన తెలుగు వ్యాకరణం రచించి 1816లో ప్రకటించిన పండితుడు. నేటి అనంతపురం ప్రాంతం ఆనాడు బళ్లారి జిల్లాలోనిదే. అనంతపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 1882లో.

తొమ్మిది లక్షల ఇరువది ఏడు వేలకు పైగా జనమున్న ఆ జిల్లాలో బడులు 533. వానిలో కన్నడం 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారసీకం 21, తమిళం 4, ఇంగ్లీషు 1. చదివేవారు 6,641 మంది. 1826లో మన్రో మొత్తం రాజధానికి లెక్కలు కూర్చగా 12,498 బడులు తేలినవి. ఇండ్లలో నేర్చుకొనేవారిని కూడా చేర్చుకొంటే మగపిల్లలలో సుమారు మూడవవంతు మందికి చదువు అందుతున్నదని ఆయన అంచనా.

కాంబెల్ వర్ణించిన అక్షరాభ్యాసాన్ని చదివినపుడు నా కన్నులు చెమర్చినవి. అయిదవ ఏట బిడ్డను వినాయకుని ఎదుట కూర్చుండబెట్టి, ప్రార్థన చెప్పించి, బియ్యంలో దైవనామం వ్రాయించేవారట. నేడు మనం చేయుచున్నదీ అదే గదా! ఉదయం అందరికంటె ముందు బడికి వచ్చినవాని అరచేత సరస్వతి పేరు వ్రాయడం గౌరవచిహ్నం. ఆలస్యమైనకొద్దీ దెబ్బలు పెరిగేవి. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పేవారు. చిన్నవారు ఇసుకలో వ్రేలితో దిద్దేవారు. మద్రాసులో ఇటువంటి పద్ధతిని గమనించిన ఆండ్రూ బెల్ దానిని ఇంగ్లండులో ప్రచారం చేసినాడు. మన వీథిబడి అరుగుపై పుట్టిన ఉపాయం అలా సముద్రం దాటినది.

అయితే ఆ నివేదికలో మనకు కష్టం కలిగించే మాటలూ ఉన్నవి. విదేశీ వస్త్రాలు వచ్చి నేతపని దెబ్బతిన్నదనీ, బీదరికంచే పలు గ్రామాలలో బడులు మూతపడినవనీ, పూర్వ పాలకుల ఆదరణ పొందిన విద్యకు తన ప్రభుత్వం నుండి ఒక్క బడికైనా సాయం లేదనీ కాంబెల్ సిగ్గుపడుతూ వ్రాసినాడు. అంతటితో ఆగక, పిల్లలు పద్యాలు వల్లించుచున్నారేగాని అర్థం ఎరుగరని కూడా అన్నాడు. మొదట ఈ మాట నాకు రుచించలేదు. వేదపాఠశాలలో గురువుగారి ఎదుట సంథ చెప్పుకొన్న బాల్యం జ్ఞప్తికి వచ్చినది. స్వరం తప్పితే దండన ఉండేది. అర్థమేమని అడగవలెనన్న ఊహ మాకు కలుగలేదు. వల్లె లేకున్న వేదం నిలిచేది కాదన్నది సత్యం. అర్థం ఎరిగిననాడే అది నాదైనదన్నదీ సత్యమే.

మరొక అంకె నన్ను ఇంకా బాధించినది. ఆ 6,641 మందిలో బాలికలు కేవలం 60 మంది. బడి గడప త్రొక్కని కులాల బిడ్డలు ఎందరో! పూర్వవైభవం చెప్పుకొనేటప్పుడు ఈ లోటును దాచిపెట్టడం ధర్మం కాదు. సరస్వతి స్త్రీమూర్తి గదా, ఆమె ముంగిట ఆడబిడ్డలకే చోటు లేకుండుట ఎంత విపరీతం!

దాతలారా! మీ ద్రవ్యంతో ఆ మంటపానికి నునుపైన నల్లరాయి పరచబడినది. మాసిపోవునని దానికి తాళం వేయవద్దని నా విన్నపం. ఎవరి బిడ్డ అని అడగకుండా, సాయంకాలం అక్కడ పిల్లలు కూర్చొని చదువుకొనుగాక. పద్యం వల్లించిన పిమ్మట దాని అర్థం చెప్పేవారు ఒక్కరైనా మీలో నుండి ముందుకు వత్తురుగాక. పిల్లల కాళ్ల దుమ్ము పడితే తుడిచే పని నాది. రాతికి జీర్ణోద్ధరణ జరిగినది. అక్షరానికి జరిపించవలసినవారు మీరు.

శ్రీ సరస్వతీ కటాక్షసిద్ధిరస్తు. శుభం భూయాత్.