మనోవర్తి: కాగితం నుంచి చేతికి

మొన్న మన ఆసిఫాబాదులో, పిల్లవాణ్ణి బడిలో వేయడానికొచ్చిన ఒక తల్లి కోర్టు కాగితం చదివిపెట్టమంది. "ఆర్డరైతే ఉంది మాస్టర్ సాబ్, పైసలే వస్తలేవు" అంది.

ఈ మాటకు పాత చరిత్ర ఉన్నది. ఇందోరుకు చెందిన షాబానో బేగంకు 1979లో మేజిస్ట్రేటు ఇప్పించిన మనోవర్తి నెలకు 25 రూపాయలు. భర్తేమో పేరున్న వకీలు! ఆమె ఊరుకోలేదు. 1980లో హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలకు పెంచింది, 1985లో సుప్రీంకోర్టు ఖాయపరచింది. తర్వాతి గొడవలు, 1986 చట్టం మనకు తెలిసినవే. ఇద్దత్‌తో బాధ్యత తీరిందనుకున్నారు చాలామంది. కాదు, ఆమె ముందు బతుకుకు సరిపడా ఏర్పాటు ఇద్దత్ లోపలే చేయాలని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది.

2024 జూలైలో మన తెలంగాణ కేసే అక్కడికి పోయింది. ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 అన్నది, హైకోర్టు 10,000కు తగ్గించింది. ముస్లిం స్త్రీకి మామూలు చట్టం వర్తించదని వాదించిన భర్త ఓడిపోయాడు.

తీర్పులు సరే, వసూలు ఎట్లా? ఇవ్వకపోతే వారంటు, ఒక్కో నెల బాకీకి నెల వరకు జైలు. పరిస్థితులు మారితే మొత్తం మార్చమని ఇరువైపులవారూ అడగవచ్చు. కాని వారంటు కోసం బాకీపడ్డ ఏడాదిలోపే అర్జీ పెట్టాలి. ఇది మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

ఆ తల్లి కాగితం మీద తేదీ చూశాను. మొదటి బాకీకి పదకొండు నెలలు నిండాయి.